మైపాడు నుంచి రామాయపట్నం దాకా మన సముద్రానికి కంప్యూటర్ మోడల్ కడితే ఎవరికి ఉపయోగం?

అల్లూరు కుర్రోడు

అందరికీ నమస్తే. ఎంటెక్ రెండో ఏడు చదువుతున్నా. ప్రాజెక్టుకి మన తీరమే తీసుకుందామని మా గైడ్‌ని ఒప్పించాను. మైపాడు దగ్గర మొదలుపెట్టి ఇసకపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట మీదుగా రామాయపట్నం వరకు నీళ్లు, చేప, బోట్లు, ఒడ్డునున్న ఊళ్లు అన్నిటినీ కలిపి ఒక మోడల్‌గా కట్టాలని ఆలోచన. యూరప్ వాళ్లు సముద్రానికి డిజిటల్ కవలను, అంటే అసలు సముద్రంలాగే నడిచే కంప్యూటర్ నకలును కడతామని 2022లో ప్రకటించి పని మొదలుపెట్టారు. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా సముద్ర విజ్ఞాన దశాబ్దం అని పెట్టి ఇలాంటి పనులకే ఊతమిస్తోంది. మనకెందుకు ఉండకూడదు అనిపించింది.

వేట నిషేధం ఎప్పుడు పెడితే మేలు, ఏ వల ఎంత దూరంలో ఆడితే నష్టం తక్కువ, హార్బరు వస్తే ఏ ఊరికి లాభం, ఏ ఊరికి దెబ్బ... ఇవన్నీ కంప్యూటర్లో ముందే ఆడించి చూడొచ్చా? డేటా ఎక్కడ దొరుకుతుంది? వేటకు పోయేవాళ్లుంటే తప్పకుండా చెప్పండి. మాది వ్యవసాయం. సముద్రం సంగతి ఒడ్డున నిలబడి చూసినంతే తెలుసు.

పాకల ఫైబర్ బోటు

కంప్యూటర్లో చేప పడదు తమ్ముడూ.

కొచ్చిలో ఒంగోలమ్మాయి

పడదన్నా, నిజమే. చేప ఎక్కడుందో చెప్పే పని హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేస్తూనే ఉంది గదా. ఉపగ్రహం నుంచి పైనీటి వేడి, నీటిలో పచ్చదనం చూసి, ఫలానా రేవుకి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇన్ని మీటర్ల లోతులో చేప ఉండే వీలుందని మెసేజ్ పంపిస్తారు. తమ్ముడు అడిగేది వేరే. ఇప్పుడు ఇట్లా పడుతూ పోతే కొన్నేళ్లకి ఏం మిగులుతుంది, అప్పుడు ఊళ్లు ఏం చేస్తాయి, ఊళ్లు చేసే పనికి మళ్లీ చేప ఏమవుతుంది అని.

తమ్ముడూ, ఎకోపాత్‌తో మొదలుపెట్టు. ఏ చేప దేన్ని ఎంత తింటుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అది. ఉచితంగానే దొరుకుతుంది. 1984లో హవాయి దీవుల్లో ఒక పగడపు దిబ్బ కోసం పొలొవినా కట్టిన లెక్క అది. తర్వాత డేనియల్ పాలీ, విల్లీ క్రిస్టెన్సెన్ దాన్ని పెంచారు. కార్ల్ వాల్టర్స్ దానికి కాలాన్ని జోడించి ఎకోసిమ్ చేశారు. కర్ణాటక తీరానికి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు ఇలాంటిది చేసి చాలా కాలమైంది.

లోపలున్నది కిరాణా కొట్టు జమాఖర్చు పుస్తకమే. కవళ్లు అనే చిన్న చేప ఏడాదిలో ఎంత పెరిగిందన్నది జమ. వంజరం తిన్నది, సొర తిన్నది, వలలో పడింది, వలస పోయింది, ఊరికే చచ్చింది అంతా ఖర్చు. రెండు వైపులా సరిపోవాలి. మొదటిసారి ఎప్పుడూ సరిపోదు. అంకెలన్నీ వేసి నొక్కితే కవళ్ల ఎదురుగా ఒకటి దాటిన అంకె వచ్చి కూర్చుంటుంది. అంటే సముద్రంలో పెరిగినదానికంటే ఖర్చయిందే ఎక్కువని. అలా జరగదు గదా. అప్పుడు వెతుకులాట మొదలు. వంజరం పొట్టలో కవళ్ల వాటా ఎక్కువ రాశామా? కవళ్ల మొత్తం బరువు తక్కువ అనుకున్నామా? రేవులో దించిన లెక్కలో వేరే చిన్న చేప కలిసిపోయిందా? ఒక్క అంకె కదపాలంటే చేపల పొట్టలు కోసి చూసిన పాత రిపోర్టులన్నీ తిరగెయ్యాలి. నా పీహెచ్‌డీలో ఎక్కువ కాలం తిన్నది ఈ పనే.

ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లది అట్లాంటిస్ అని ఇంకోటి ఉంది. బెత్ ఫుల్టన్ బృందం కట్టింది. నీటి ప్రవాహం, పోషకాలు, చేప, బోటు, మార్కెట్టు అన్నీ అందులోనే. ఎంటెక్‌లో దాని జోలికి పోవద్దు, డిగ్రీ రాదు.

రిటైర్డ్ మత్స్యశాఖ

అమ్మాయి బాగా చెప్పింది. డేటా గురించి నాకు తెలిసింది రాస్తాను.

సీఎంఎఫ్‌ఆర్‌ఐ సిబ్బంది ప్రతి బోటునీ లెక్కపెట్టరు. కొన్ని రేవులు, కొన్ని రోజులు ఎంచుకుంటారు. ఆ రోజు వచ్చిన బోట్లలో కొన్నిటిని చూసి, ఏ చేప ఎన్ని కిలోలో రాసుకుని, దాన్నుంచి నెలకీ ఏడాదికీ అంచనా కడతారు. రాష్ట్రం మొత్తానికి అది గట్టి పద్ధతే. మైపాడు, రామాయపట్నం మధ్య చిన్న ముక్కకి అదే అంకెను కోసి వాడితే మాత్రం తేడా కొడుతుంది. మన దగ్గర ఎక్కువ భాగం ఫైబర్ బోట్లు. ఇసక మీద ఎక్కడ వీలైతే అక్కడ ఎక్కిస్తారు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. చేప ఎక్కడ దిగితే ఆ లెక్కలోకి పోతుంది, ఎక్కడ పట్టారన్నది దాంతో తెలీదు. ఇసకపల్లి ఎదురుగా పట్టిన చేప చెన్నై కాశిమేడు హార్బరులో దిగితే అది తమిళనాడు ఖాతా. మన నీళ్ల మీద పడే ఒత్తిడిలో ఒక భాగం మన పుస్తకాల్లో ఎప్పటికీ కనపడదు. మోడల్ మాత్రం నువ్విచ్చిన పుస్తకాన్నే నమ్ముతుంది.

పెన్ననీ మరిచిపోవద్దు. సోమశిల, కండలేరు వచ్చాక ఏటిలో పారే నీటి తీరు మారింది. ముఖద్వారం దగ్గర ఇసక మేట వేస్తే రొయ్యపిల్ల, కొయ్యింగ పిల్ల లోపలికి రాలేవు. ఆ పిల్ల లోపల పెరగకపోతే తర్వాత బయట వలలో ఏం పడుతుంది?

పాకల ఫైబర్ బోటు

సారు చెప్పిన కాశిమేడు మాట నిజం. కడలూరు వైపు నుంచి పెద్ద మరబోట్లు వచ్చి మేం వల వేసిన చోటే ఈడ్చుకుంటూ పోతాయి. మా వలలు కోసుకుపోతే వేలల్లో నష్టం. పట్టి ఒడ్డుకు తెస్తే నాలుగు రోజులు పంచాయితీ, మళ్లీ మామూలే. దాన్ని మీ మోడల్లో ఏ గడిలో వేస్తారు?

ఇంకోటి చెప్తా, తమ్ముడు కోపం తెచ్చుకోకూడదు. తెల్లారుజామున బోటు తోసేటప్పుడు మేం చూసేది ఏంది? నిన్న రేటు ఎంత పలికింది, క్యాన్లో డీజిల్ ఎంతుంది, ఐసు దొరికిందా, గాలి ఎటు తోలుతోంది, పక్కోడు నిన్న ఎటు పోయి ఎంత తెచ్చాడు. వీటన్నిటికంటే ముందు అప్పు. ఇంజినుకి వ్యాపారి దగ్గర డబ్బు తీసుకుని ఉంటే చేప లేకపోయినా పోవాల్సిందే. పడింది ఆయనకే వెయ్యాల, ఆయన చెప్పిన రేటుకే వెయ్యాల. ప్రభుత్వం డీజిల్ మీద లీటరుకి 9 రూపాయలు తగ్గించి ఇస్తుంది, అది మంచిదే. అప్పు మీద ఎవరూ తగ్గించరు.

చేప తగ్గితే జనం వేట తగ్గిస్తారని చదువుకున్నోళ్లు అనుకుంటారు. మా దగ్గర చేప తగ్గితే వేట పెరుగుతుంది. రెండు వలల చోట మూడు వేస్తాం, ఇంకా లోతుకి పోతాం.

కొచ్చిలో ఒంగోలమ్మాయి

అన్నా, మీ చివరి పేరా మా ల్యాబులో అందరికీ చదివి వినిపించాను.

కుర్రోడా, బాగా గుర్తుపెట్టుకో. వేటని లెక్కగట్టే పాత మోడళ్లలో చాలావాటి అడుగున ఒక ఊహ ఉంటుంది: లాభం తగ్గితే బోట్లు తగ్గుతాయని. అన్న చెప్పిన ఊళ్లో అది తిరగబడింది. ఆ ఒక్క బాణం దిక్కు మారిస్తే మోడల్ చెప్పే జవాబు మొత్తం మారిపోతుంది. మొదటిదాంట్లో చేప తగ్గిపోయినా కొంతకాలానికి తేరుకుంటుంది. రెండోదాంట్లో చేప తగ్గేకొద్దీ వేట ఇంకా పెంచుతారు.

ఇలా మనుషుల వైపు, ఒడ్డున చెప్పే మాట వైపు చూడకుండా దెబ్బ తిన్నవాళ్లు ఉన్నారు. 1992 జూలైలో కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప వేటను ఆపేసింది. 30 వేల మందికి పైగా పని పోయింది. అక్కడ శాస్త్రవేత్తలు లేరా, మోడళ్లు లేవా? అన్నీ ఉన్నాయి. పెద్ద బోట్లు తెచ్చే చేప తగ్గలేదు కాబట్టి నీళ్లలో చేప బాగానే ఉందని లెక్క తేల్చింది. నిజానికి కాడ్ తగ్గేకొద్దీ మిగిలింది ఒక్కచోట గుమిగూడింది, బోట్లు పరికరాలతో వెతుక్కుంటూ సరిగ్గా అక్కడికే పోయాయి. ఒడ్డు దగ్గర వేసే చిన్న వలలవాళ్లు చేప తగ్గింది, సైజు తగ్గిందని ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటకి అంకె లేదు, అందుకే లెక్కలోకి రాలేదు.

కవళ్లు కూడా మంద చేపే. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు దిగితే 2021లో 3,300 టన్నుల దగ్గరికి వచ్చేసింది. సముద్రం తీరు మారడం, పిల్లచేపను పట్టేయడం రెండూ కలిసి చేసిన పని. ఆ తర్వాత మళ్లీ పెరిగింది. మంద చేపతో ఉన్న ఇబ్బంది ఏంటంటే, పడిపోయే ముందు రోజు వరకు వల నిండుగానే కనిపిస్తుంది.

రొయ్యల గుంట

ఇందుకూరుపేట వైపు చెరువులు మావి. సముద్రం మోడల్ అంటున్నారు, అందులో మా గుంటలు ఉంటాయా, ఉండవా?

అడగడానికి కారణం ఉంది. వనామీ రొయ్యకి వేసే మేతలో చేపపొడి ఉంటుంది. ఆ పొడి అయ్యేది మనుషులు తినని చిన్నాచితకా చేప, దాంతో పాటు పడిన మంచి చేప పిల్లలు. మేత గిరాకీ పెరిగితే పిల్లచేపకి కూడా రేటు వస్తుంది. రేటు వస్తే సన్నకన్ను వల మానేవాడు ఎవడు? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా దగ్గర కొత్తగా పిల్ల వెయ్యాలంటే టెన్షన్ పడ్డారు. గుంటలు ఖాళీగా ఉంటే మేత అమ్మకం తగ్గుతుంది, మేత తగ్గితే పిల్లచేప రేటు తగ్గుతుంది. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి, మీ సముద్రంలో వల కన్ను సైజుకి సంబంధం ఉందన్నమాట. సముద్రంలో గడులు గీసుకుని గట్టు దగ్గర ఆపేస్తే ఇది కనపడదు.

కోడూరు కోడర్

కొత్తకోడూరు నాది, బెంగళూరులో పని. పైథాన్‌లో మెసా అని ఒక లైబ్రరీ ఉంది. ఒక్కో బోటుని ఒక్కో పాత్రగా పెట్టొచ్చు. అప్పు, డీజిల్, నిన్నటి రేటు, పక్క బోటు ఎటు పోయింది, ఇవన్నీ ఆ పాత్రకి నియమాలుగా రాయొచ్చు. కింద చేపల లెక్క ఎకోసిమ్‌ది తీసుకుని ముడిపెట్టాలి. కోడ్ నేను సాయం చేస్తా, శని ఆదివారాలు ఖాళీనే.

ఇంకో సంగతి, 2024 ఆగస్టు నుంచి బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెప్పే ట్రాన్స్‌పాండర్లు బోట్లకి ఉచితంగా పెడుతున్నారు, దేశంలో లక్ష బోట్లకి. ఆ డేటా చేతికొస్తే ఎవరు ఎక్కడ వేటాడుతున్నారో కచ్చితంగా తెలిసిపోతుంది. మోడల్‌కి అంతకంటే ఏం కావాలి?

పాకల ఫైబర్ బోటు

నాకు అక్కర్లేదు. తుఫాన్లో దారి తప్పితే కాపాడుతుందని పెట్టించుకున్నాం, అందుకైతే సరే. మా తాత నాయన నాకు చూపించిన రాతి దిబ్బలు ఉన్నాయి. ఎన్ని బారల లోతో, ఒడ్డున ఏ తాటిచెట్టుకి ఏ గుడి గోపురం సరిపోతే ఆ చోటు వస్తుందో మా ఇంట్లో మాకే తెలుసు. అది మీ కంప్యూటర్లో చుక్కగా పడితే రేపు ఆ చుక్క మీద యాభై బోట్లు ఉంటాయి. చేప ఉండే చోటని మెసేజ్ వచ్చిన రోజు చూడండి, అందరూ ఒకే వైపు పరుగు.

అడ్మిన్

రాష్ట్రాల మధ్య తిట్లు, పార్టీల గొడవ ఉన్న పోస్టులు తీసేశాను. చేప మీద మాట్లాడుకోండి.

కొచ్చిలో ఒంగోలమ్మాయి

పాకల అన్న భయం ఉట్టిది కాదు. చుక్కలు ఎవరి దగ్గరా ఉంచకుండా పెద్ద గడుల్లో కలిపి, నెల మొత్తానికి కలిపి ఇస్తే మోడల్‌కి సరిపోతుంది. ఇన్‌కాయిస్ ప్రవాహాల మోడల్లో కూడా తీరం దగ్గర ఒక్కో గడి రెండు కిలోమీటర్ల పైచిలుకే. అంతకంటే సన్నగా బోటు చోటు నీకెందుకు? ముందే ఊరి పెద్దలతో కాగితం రాసుకో, ఎవరికి ఏది చూపిస్తావో.

కావలి ఎండుచేప

ఇంతసేపు మాట్లాడారు, ఒక్కరన్నా ఆడవాళ్ల ఊసెత్తారా?

మా అమ్మ నెత్తళ్లు కొని ఎండబెట్టి సంతల్లో అమ్మి నన్ను చదివించింది. ఇసక మీద పరిచిన నెత్తళ్లని పొద్దున పదిలోపు ఒకసారి తిరగెయ్యాలి, లేకపోతే కింది వైపు చెమ్మ పట్టి వాసనొస్తుంది. మబ్బు పట్టిన రోజు సరుకు సగం రేటుకి పోతుంది. మీ మోడల్లో చేప ఒడ్డుకు దిగితే కథ అయిపోయింది. మాకు అప్పుడే మొదలవుతుంది.

నిషేధం 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేలకి పెంచారు, సంతోషం. అది బోటు మీద పోయేవాళ్లకి. ఎండబెట్టేవాళ్లకి, గంపలో అమ్మేవాళ్లకి ఆ రెండు నెలలు ఏముంది? మార్చిలో ఎండబెట్టి దాచిన సరుకే. ఆ సరుకు కోసం మార్చిలో నెత్తళ్లకి గిరాకీ పెరుగుతుంది, అంటే నిషేధానికి ముందే సన్న చేప మీద వేట పెరుగుతుంది. ఇది మీ అంకెల్లో ఉందా?

హార్బరు గురించీ చెప్తా. ఇసక మీద బోటు ఎక్కితే మా అమ్మ వెళ్లి రెండు గంపలు బేరమాడగలదు. అదే హార్బరులో పాట పెట్టి టన్నుల్లో అమ్మితే లారీ ఉన్నవాడే కొంటాడు. మొత్తం చేప పెరగొచ్చు, ఆదాయం పెరగొచ్చు. ఎవరి ఆదాయం అన్నది వేరుగా ఒక కాలమ్ పెట్టు తమ్ముడూ.

రిటైర్డ్ మత్స్యశాఖ

ఈ పోస్టు నా సర్వీసులో ఎవరైనా రాసి బల్ల మీద పెట్టుంటే బాగుండేది.

నియమాల విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. ప్రభుత్వ చట్టం ఒకటుంటే, పట్టపుపాళేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, దురాయి అనే ఊరి కట్టుబాటు ఇంకోటి. కాపులు అనే ఊరి పెద్దలు కూర్చుని ఫలానా వల వద్దంటే వద్దు, దాటితే తప్పు కట్టాలి. దీనికి మంచీ ఉంది, చెడ్డా ఉంది. చట్టం కాగితం మీద నిద్రపోయిన చోట దురాయి పనిచేయడం చూశాను. అదే దురాయి పేరుతో పేదవాణ్ణి ఏడిపించడమూ చూశాను. పక్క ఊరితో పడకపోతే అది ఊరి పొలిమేర దాటదు. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మధ్య వలల గురించి ఎంత గొడవైందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మంత్రులు వచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఎలినార్ ఆస్ట్రమ్ గారు 2009లో నోబెల్ తీసుకున్నది ఇలాంటి ఉమ్మడి వనరుల నియమాల మీద చేసిన పనికే. అదే ఏడాది మనిషినీ ప్రకృతినీ కలిపి చూసే చట్రం ఒకటి ప్రచురించారు, మీ మోడళ్లవాళ్లు ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అందులో నియమాలకి, నమ్మకానికి చోటుంది. నింపాల్సింది మాత్రం ఊరు తిరిగినవాళ్లే.

పాకల ఫైబర్ బోటు

సారూ, దురాయి సంగతి ఇంత బయటికి రాశారు, రేపు మా కాపులు నన్నడుగుతారు.

కొచ్చిలో ఒంగోలమ్మాయి

ఇంకో ఉదాహరణ, ఎందుకంటే కుర్రోడు ఇంకా చేపల వైపే ఎక్కువ బరువు పెడతాడేమోనని నా అనుమానం. ఆస్ట్రేలియా పగడపు దిబ్బలు గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 2004లో వేట పూర్తిగా మూసేసిన భాగాన్ని 4.5 శాతం నుంచి 33 శాతానికి పెంచారు. ఏ ముక్కలు మూస్తే తక్కువ నష్టంతో అన్ని రకాల జీవాలకీ చోటు దొరుకుతుందో మార్క్సాన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో చూశారు. ప్రపంచమంతా మెచ్చుకున్న పని అది. జీవాల వైపు లెక్క బాగా కుదిరింది. వేటగాళ్లకి, ఒడ్డునున్న వ్యాపారాలకి ఇవ్వాల్సిన పరిహారం మాత్రం మొదటి అంచనాకి ఎన్నో రెట్లయి, 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. అంత డబ్బున్న దేశం కాబట్టి సర్దుకుంది. మన దగ్గర అంచనా అలా తప్పితే కట్టేది ఎవరు? పాకల అన్న, కావలి అక్క.

అందుకే అన్నీ ఒకేసారి కట్టొద్దు. ఒక్క ప్రశ్న తీసుకో. చేపలు పది పన్నెండు గుంపులు చాలు. మనుషుల వైపు మాత్రం అప్పున్న బోటు, అప్పు లేని బోటు, బయట నుంచి వచ్చే మరబోటు, కొనే వ్యాపారి, ఎండబెట్టేవాళ్లు అని వేరువేరుగా పెట్టు.

అల్లూరు కుర్రోడు

అందరికీ దండాలు. గైడ్‌తో మాట్లాడాను. హార్బరు పక్కన పెట్టేశాం. నిషేధం ఒక్కటే తీసుకుంటున్నా. జూన్ 14 దాకా సముద్రంలో పెరిగిన చేపని జూన్ 15 తర్వాత ఎవరు, ఎన్ని వారాల్లో తీసుకుంటున్నారు. అప్పున్న బోటుకి, లేని బోటుకి అందులో తేడా ఎంత. భృతి రెండు నెలల ముందే చేతికొస్తే ఆ తేడా మారుతుందా. మార్చి నెత్తళ్ల సంగతి కావలి అక్క చెప్పినట్టే పెడతాను. కోడర్ అన్నా, మెసాలో మొదటి ముక్క రాసి పంపిస్తా, చూడండి.

పాకల అన్నా, మీ రేవుకి వచ్చి నలుగురితో మాట్లాడొచ్చా? అప్పు వివరాలు ఎవరెవరికి ఎంతుందో తెలిస్తే గానీ లెక్క ముందుకు పోదు. ఫారం ఒకటి తయారుచేశా.

కావలి ఎండుచేప

నిషేధం అయిపోయిన మొదటి వారం రేటు పడిపోతుంది, అందరిదీ ఒకేసారి దిగుతుంది. అదీ రాసుకో.

పాకల ఫైబర్ బోటు

రా. గాలి ఎక్కువున్న రోజు రా, ఆ రోజు అందరం ఒడ్డునే వలలు బాగుచేసుకుంటా ఉంటాం. ఫోన్లో మ్యాపు చూపిస్తే ఎండకి కనపడదు, పెద్ద కాగితం మీద తీసుకురా.

ఫారం మాత్రం సంచిలోనే ఉంచు. అప్పెంత అని అడిగితే ఎవడూ చెప్పడు. ఇంజిను ఎప్పుడు కొన్నావన్నా అని అడుగు, ఎవరి దగ్గర తెచ్చి కొన్నారో, ఇంకా ఎంతుందో వాళ్లే చెప్పుకొస్తారు.